ఆగిన విరేచనం, కోలుకోని పేగు

మీరు రాజాం నుంచి రాసిన సంగతిని ముందుగా క్లుప్తంగా చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోండి. మీ ఇంట్లో రెండేళ్ల లాబ్రడార్ ఉంది. ఆరు నెలలుగా దానికి ఇరవై రోజులకో నెలకో ఒకసారి విరేచనాలు పట్టుకుంటున్నాయి. ప్రతిసారీ మెడికల్ షాపు నుంచి మెట్రోనిడజోల్ మాత్రలు తెచ్చి రెండు మూడు రోజులు వేస్తే ఆగుతున్నాయి, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతున్నాయి. ఇంట్లో ఉన్న పిల్లికి కూడా పాలు తాగిన రోజున పల్చగా అవుతోంది. ఇప్పుడు ఎవరో ప్రోబయోటిక్ (పేగుకు మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు ఉన్న) పొడి వాడమన్నారు, దానితో రెండింటికీ పూర్తిగా నయమవుతుందా అని మీ ప్రశ్న.

పొడి గురించి తరువాత చెబుతాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పశువైద్యశాలల్లో 31 ఏళ్లు పనిచేసినవాడిగా అంతకంటే ముందు ఆ మాత్ర గురించే మాట్లాడాలనుకుంటున్నాను, ఎందుకంటే మీ కుక్క జబ్బు నయం కాకపోవడంలో ఆ మాత్రకు కూడా భాగం ఉందని నా నమ్మకం.

కుక్క పెద్దపేగులో ఉండే ఒక్కొక్క గ్రాము మలంలో వేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. ఇవి రోగక్రిములు కావు. కూన పుట్టిన గంటల నుంచే తల్లి నాలుక నుంచి, పొదుగు నుంచి, పడుకున్న నేల నుంచి వచ్చి అక్కడ కాపురం పెట్టినవి. కుక్క తనంతట తాను అరిగించుకోలేని పీచును ఇవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. వీటిలో బ్యుటిరేట్ పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు నేరుగా తిండి. ఆ పొర నీరసించినప్పుడు నీటిని తిరిగి పీల్చుకోలేదు, అలా మిగిలిపోయిన నీరే మనకు పల్చని విరేచనంగా కనిపిస్తుంది.

ఇవి చేసే మరో పని చాలామందికి తెలియదు గాని మీ కుక్క విషయంలో అదే ముఖ్యం. కాలేయం నుంచి వచ్చే పిత్తంలోని ఆమ్లాలలో కొంత భాగం పెద్దపేగు దాకా చేరుతుంది. క్లోస్ట్రిడియం హిరనోనిస్ అనే బ్యాక్టీరియా (ఈ మధ్య దీని పేరును పెప్టాసెటోబ్యాక్టర్ హిరనోనిస్ అని మార్చారు) ఆ ఆమ్లాలను వేరే రూపంలోకి మారుస్తుంది, ఆ మారిన రూపమే క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్, ఈ.కోలి వంటివి హద్దు మీరి పెరగకుండా చూస్తుంది. దీర్ఘకాలంగా పేగు జబ్బుతో ఉన్న కుక్కల్లో చాలావాటిలో ఈ ఒక్క జాతి బాగా తగ్గిపోయి ఉంటుంది. అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వారు కుక్క పేగులోని సూక్ష్మజీవుల సమతూకాన్ని ఒక అంకెలో చెప్పే పరీక్షను రూపొందించినప్పుడు, లెక్కలోకి తీసుకున్న కొద్దిపాటి బ్యాక్టీరియా వర్గాల్లో దీనికి చోటు ఇచ్చారంటే దాని ప్రాముఖ్యం అర్థమవుతుంది.

మెట్రోనిడజోల్ సరిగ్గా ఇటువంటి, గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియాను చంపే మందు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకే రెండు వారాలు ఈ మందు ఇచ్చి చూసిన పరిశోధనలో, మందు మానేసిన నాలుగు వారాల తరువాత కూడా కొన్ని కుక్కల్లో సూక్ష్మజీవుల సమతూకం మునుపటి స్థితికి రాలేదు. మీరు నెలకోసారి వేస్తున్నారు. అంటే ఒకసారి తగిలిన దెబ్బ నుంచి ఆ పేగు తేరుకునేలోపే రెండో దెబ్బ పడుతోంది. మరి మాత్ర వేస్తే ఎందుకు ఆగుతోందంటే, మామూలు విరేచనాల్లో చాలా భాగం మందు వేసినా వేయకపోయినా కొద్ది రోజుల్లో వాటంతట అవే తగ్గేవి. మాత్ర వేసినప్పుడు ఆ పేరు మాత్రకు దక్కుతుంది. అందుకే కుక్క హుషారుగా ఉండి, జ్వరం లేకుండా, కేవలం విరేచనాలతో వచ్చినప్పుడు యాంటీబయోటిక్ వాడవద్దని ఇప్పుడు యూరప్ పశువైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పైగా ఈ మందు ఎక్కువ మోతాదులో గాని ఎక్కువ రోజులు గాని వాడితే కుక్క తూలుతుంది, తల ఒక పక్కకు వాలుస్తుంది, కంటిగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను కూడా ప్రతి విరేచనానికీ ఇదే మందు రాసేవాణ్ణి, అప్పటి చదువు అదే. ఒకసారి బొబ్బిలి నుంచి ఒకావిడ తన కుక్కతో పాటు గోడ క్యాలెండర్ కూడా చుట్టి సంచిలో పెట్టుకుని తెచ్చారు. మాత్ర మొదలుపెట్టిన ప్రతి తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. జనవరిలో ఒక సున్నా, మార్చి చివర ఒకటి, మే నెలలో రెండు, ఆగస్టులో మూడు. బల్ల మీద ఆ కాగితాలు ఒక్కొక్కటీ తిప్పుతూ ఉంటే సున్నాల మధ్య ఎడం తగ్గిపోతూ రావడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ మాత్రల చీటీల్లో సగం నేను రాసినవే. ఆ రోజు నుంచి నా వైద్యం మారింది.

కాబట్టి ఇప్పుడు చేయవలసింది కారణం వెతకడం. విరేచనం మూడు వారాలకు పైబడి ఉన్నా, ఇలా తిరగబెడుతూ ఉన్నా దానిని దీర్ఘకాలిక జబ్బుగానే లెక్కించాలి. అది చిన్నపేగుదా పెద్దపేగుదా అన్న తేడాను ఇంట్లో మీరే కనిపెట్టవచ్చు, ఆ సమాచారం వైద్యుడికి సగం పని తగ్గిస్తుంది. చిన్నపేగులో లోపం ఉంటే కుక్క రోజుకు రెండు మూడుసార్లే వెళ్లినా ప్రతిసారీ ఎక్కువ మొత్తంలో పోతుంది, తిన్నా ఒంటికి పట్టదు, నెలలు గడిచేకొద్దీ నడుము ఎముకలు తేలుతాయి, నెత్తురు పడితే మలం తారులా నల్లగా ఉంటుంది. పెద్దపేగు అయితే మాటిమాటికీ, ఒక్కొక్కసారి రోజుకు ఏడెనిమిది సార్లు, కొద్దికొద్దిగా వెళుతుంది, ముక్కుతుంది, తలుపు తీసేదాకా ఆగలేకపోతుంది, మలం మీద జిగురు పొరలా ఉంటుంది, చివర్లో ఎర్రటి నెత్తురు చుక్క పడవచ్చు, కాని బరువు పెద్దగా తగ్గదు. మీరు రాసిన వివరాల్లో జిగురు, తొందరపాటు ఉన్నాయి, బరువు తగ్గిందని రాయలేదు, అందువల్ల ఇది పెద్దపేగు వైపే మొగ్గుతోంది. అయినా ఒకసారి బరువు తూయించండి, కంటి అంచనా లాబ్రడార్ విషయంలో మోసం చేస్తుంది.

తరువాత పురుగులు. మన తీరప్రాంతపు తేమకు, ఇసుక నేలకు కొంకి పురుగులు ఏడాది పొడవునా బతుకుతాయి. ఏడాదికోసారి నట్టల మందు వేశాం కదా అని ధీమాగా ఉండకూడదు. మలం పరీక్ష చేయించండి. జియార్డియా అనే ఏకకణ జీవి రోజూ మలంలో కనిపించదు కాబట్టి రోజు విడిచి రోజు మూడు నమూనాలు చూపించడం మంచిది. దానికి, కొంకి పురుగులకు కూడా ఫెన్‌బెండజోల్ పనిచేస్తుంది. కుక్క బరువులో కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నుంచి ఐదు రోజులు వరుసగా ఇస్తారు, ఒక్కరోజు మాత్రతో సరిపెట్టడం వల్లనే చాలామంది ఇళ్లలో అది వదలదు. వీపు చివరన తడిమి చూసి బొచ్చులో గెంతే చిన్న పురుగులు (ఫ్లీలు), గోమార్లు ఉన్నాయేమో చూడండి. ఒంటి మీద తిరిగే ఫ్లీల ద్వారా ఒక రకం బద్దె పురుగు కుక్కకు, పిల్లికి సోకుతుంది.

ఇక అన్నిటికంటే పెద్ద విషయం తిండి. దీర్ఘకాలిక పేగు జబ్బుతో వచ్చే కుక్కల్లో సగానికి పైగా కేవలం ఆహారం మార్చడంతోనే, ఏ మందూ లేకుండా కోలుకుంటాయి, ఆ మార్పు కూడా సాధారణంగా రెండు వారాల్లోనే తెలిసిపోతుంది. మీ కుక్క ప్రస్తుతం ఉదయం బజారు బిస్కెట్లు, మధ్యాహ్నం కోడికూర కలిపిన అన్నం, రాత్రి పెరుగన్నం, మధ్యలో పిల్లలు పెట్టేవన్నీ తింటోందని రాశారు. ఇందులో ఏది పడడం లేదో ఎవరూ చెప్పలేరు. కనుక రెండు వారాల పాటు అది ఇంతవరకు పెద్దగా తినని ఒక్క మాంసకృత్తిని, దానితో పాటు ఏదైనా ఒక్క పిండిపదార్థాన్ని మాత్రమే పెట్టండి. మీ కుక్క కోడిమాంసం మీదే పెరిగింది కాబట్టి మనకు దొరికే వాటిలో శీలావతి వంటి చెరువు చేపను ముళ్లన్నీ తీసి ఉడికించి, చిలగడదుంపతో గాని మెత్తని అన్నంతో గాని కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టడం నేను సూచిస్తాను. ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి ఏవీ పడకూడదు, ఉల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాలను పగలగొడుతుంది. పెద్దపేగు లక్షణాలు ఉన్నాయి కాబట్టి ప్రతి పూటా ఒక చెంచా ఇసబ్గోల్ పొట్టును నీళ్లలో నానబెట్టి కలపండి. అది నీటిని పట్టి ఉంచుతుంది, ఆ బ్యాక్టీరియాకు కూడా కొంత మేత అవుతుంది. ఈ రెండు వారాల్లో ఒక్క బిస్కెట్ ముక్క పెట్టినా పరీక్ష చెడిపోయినట్టే. ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పవలసింది మీరే.

ఈ తిండి ఆ పరీక్ష కోసమే, నెలల తరబడి పెట్టడానికి పనికిరాదు. మాంసం, అన్నం మాత్రమే తినే కుక్కకు కాల్షియం చాలదు. నయమైన తరువాత సమతూకంగా తయారైన ఆహారానికి పది రోజుల మీద మెల్లగా మారాలి, మొదటి మూడు రోజులు నాలుగో వంతు, తరువాత సగం, ఆ పైన ముప్పావు వంతు. పేగులోని బ్యాక్టీరియా కొత్త తిండికి అలవాటు పడడానికి వాటికి ఆ వ్యవధి కావాలి. కనుమ మరునాడు, సిరిమానోత్సవం మరునాడు మా ఆసుపత్రి వరండాలో కనిపించే వరుస ఎప్పుడూ ఒకేలా ఉండేది: ముందురోజు మాంసం కొవ్వు, మసాలా, ఎముకలు ఒక్కసారిగా తిని వాంతులు పట్టుకున్న కుక్కలు. వాటిలో కొన్నిటికి క్లోమం వాచి ప్రాణం మీదకు వచ్చేది.

కుక్క తోడేలు జాతి కాబట్టి అన్నం పెట్టకూడదని, పచ్చిమాంసమే పెట్టాలని కూడా మీకు ఎవరో చెప్పారట. 2013లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టిన విషయం దీనికి జవాబు. పిండిపదార్థాన్ని అరిగించే ఎమిలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులు ఉంటే కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయి. మనిషి పక్కన బతుకుతూ మనిషి తిండిని అరిగించుకోవడం కుక్క నేర్చుకుంది. మన ఊళ్లలో నాటు కుక్కలు చోడి (రాగి) అంబలి, గంజి, చద్దన్నం మీద తరతరాలుగా బతికాయి. బాగా ఉడికిన చోడిపిండిలో పీచు ఉంటుంది, మాంసంతోనో గుడ్డుతోనో కలిపి కొంత పెడితే చక్కగా పడుతుంది. అంబలి ఒక్కటే పెడితే మాత్రం కండ కరిగిపోతుంది. పచ్చిమాంసం వద్దు. సాల్మొనెల్లా, మందులకు లొంగని ఈ.కోలి మీ వంటింటి గట్టు మీదకు, మీ పిల్లల చేతుల మీదకు వస్తాయి.

ఇప్పుడు మీరు అడిగిన పొడి. ప్రోబయోటిక్ అన్న పేరు ఒక్కటే అయినా లోపల ఉన్న జీవి వేరు వేరుగా ఉంటుంది, ఒకదాని గుణం మరొకదానికి ఉండదు. కుక్కలు, పిల్లుల మీద ఎక్కువగా పరిశీలించిన వాటిలో ఎంటెరోకాకస్ ఫేసియం ఎస్ఎఫ్68 ఒకటి, శాకరోమైసిస్ బౌలార్డీ మరొకటి. ఈ రెండోది ఈస్టు కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దానిని చంపదు. ఇవి విరేచనాన్ని ఒకటి రెండు రోజులు ముందుగా తగ్గించవచ్చు. అయితే ఇవి పేగులో స్థిరపడవు, పొడి ఆపిన కొన్ని రోజులకు బయటకు పోతాయి. పడని తిండి, పురుగు లోపల ఉండగా పొడి ఒక్కటే దానిని నయం చేయలేదు. కొనేటప్పుడు జీవి పేరు, సంఖ్య, గడువు తేదీ మూడూ అట్ట మీద ఉన్నాయేమో చూడండి, మన ఎండాకాలంలో మూసి ఉన్న షాపు అద్దాల అరలో రెండు నెలలు ఉడికిన పొడిలో ప్రాణం ఉన్నవి ఎన్ని మిగులుతాయో ఆలోచించండి. పెరుగు సంగతి కూడా ఇంతే. పడే కుక్కకు రెండు చెంచాలు పెడితే మంచిదే, అది మందు మాత్రం కాదు. పైన చెప్పిన రెండు వారాల పరీక్షలో పెరుగు కూడా మానాలి.

ఒక జీవి పేగులోని జీవసమూహాన్ని మరో జీవికి ఇవ్వడం మన పశువైద్యంలో కొత్త కాదు. మేత మానేసి కడుపు కదలక పడి ఉన్న పశువుకు, ఆరోగ్యమైన పశువు పొట్టలోని రసాన్ని గుడ్డలో వడగట్టి గోరువెచ్చగా ఉండగానే గొట్టంతో పట్టించేవాళ్లం, మర్నాటికి అది నెమరు మొదలుపెట్టిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. ఇప్పుడు అదే పద్ధతిని కుక్కల్లో, పరీక్షలు చేసిన ఆరోగ్యమైన కుక్క మలంతో చేస్తున్నారు. పార్వో అనే వైరస్ సోకిన కూనల్లో మామూలు చికిత్సతో పాటు ఇలా చేసినప్పుడు విరేచనాలు త్వరగా తగ్గాయని 2018లో బ్రెజిల్ వైద్యులు ప్రచురించారు. మీ కుక్కకు ఇప్పుడే దాని అవసరం లేదు, తిండి మార్పుకు లొంగకపోతే ఆలోచించవలసిన దారుల్లో అది కూడా ఒకటి. లొంగని పక్షంలో విటమిన్ బి12 స్థాయి, క్లోమం పనితీరు, అల్ట్రాసౌండ్, అవసరమైతే పేగు ముక్క పరీక్ష దాకా వెళ్లాలి.

పిల్లిని కుక్కతో కలిపి చూడకండి. తల్లిపాలు మరచిన తరువాత చాలా పిల్లుల్లో పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము తగ్గిపోతుంది, అరగని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, మీరు చూస్తున్నది అదే. దానికి మందు పాలు మానడమే. గిన్నె నిండా మంచినీళ్లు పెట్టండి. అసలు నా దిగులు దాని మిగతా తిండి గురించి. పాలు, అన్నం, ఎండుచేప ముక్కలతో పిల్లికి జరగదు. పిల్లి మాంసం మీదే ఆధారపడిన జంతువు. టారిన్ అనే పోషకం దానికి తిండిలోనే అందాలి, అది లేకపోతే గుండె కండరం సాగిపోతుందని, చూపు పోతుందని వైద్యశాస్త్రం తేల్చింది, గుండె సంగతి 1987లో రుజువైంది. కోడి గుండెకాయలో, తొడ మాంసంలో అది బాగా ఉంటుంది. ఉడికించినప్పుడు నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా కలిపి పెట్టాలి. పచ్చిచేప రోజూ పెట్టకండి, కొన్ని చేపల్లో విటమిన్ బి1ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. ఎండుచేపలోని ఉప్పు కూడా మంచిది కాదు. విరేచనాలు అని పిల్లిని పస్తు పెట్టడం పొరపాటున కూడా చేయవద్దు. రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ లావుపాటి పిల్లి అయితే, కాలేయంలో కొవ్వు పేరుకుని చనిపోవచ్చు. జ్వరం అనుకుని పారాసెటమాల్ వేయకండి, ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు.

ఇంటి దగ్గర చేయమని నేను పైన చెప్పినదంతా కుక్క లేచి తిరుగుతూ, నీళ్లు తాగుతూ ఉన్నప్పటికే వర్తిస్తుంది. వాంతులు ఆగకపోయినా, నెత్తురు ఎక్కువగా పడుతున్నా, చిగుళ్లు తెల్లబడినా, మెడ మీద చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే కిందికి జారకపోయినా, పొట్ట ఉబ్బినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆరు నెలల లోపు కూన, టీకాలు పూర్తికానిది, ఘాటైన వాసనతో నెత్తురు విరేచనాలు చేస్తుంటే అది పార్వో అనే అనుకోవాలి, అక్కడ గంటలే లెక్క.

మీరు రేపటి నుంచి ఒక కాగితం మీద తేదీ, తిన్నది, ఎన్నిసార్లు వెళ్లింది, జిగురు గాని నెత్తురు గాని ఉందా అన్నవి రాయండి, గత ఆరు నెలల్లో వేసిన మాత్రల తేదీలు గుర్తున్నంతవరకు పైన రాయండి. ఉదయం పడిన మలాన్ని శుభ్రమైన చిన్న మూత డబ్బాలో, ఎండ తగలకుండా, రెండు గంటల్లోపు పరీక్షకు అందేలా తీసుకువెళ్లండి. రాజాంలో మలం పరీక్ష కుదరకపోతే గరివిడి పశువైద్య కళాశాల మీకు దూరమేమీ కాదు. ఇంట్లో మిగిలిన మెట్రోనిడజోల్ మాత్రల అట్ట కూడా వెంట తీసుకువెళ్లి వైద్యుడికి చూపించండి, ఆయన రాస్తే తప్ప మళ్లీ వేయకండి.